దొంగ ఓటమి

మిల్లు పత్రికలో లీగు చరిత్ర అచ్చయిన రోజున మార్లిస్ టెష్ దాన్ని నిలబడే చదివింది. చదివాక మడత విప్పి గుమ్మంలో పరిచి, వానకి తడిసిన బూట్లు దానిమీద పెట్టింది. కాగితం మిల్లులో పాతికేళ్లకు పైగా చాకిరీ చేసిన మనిషి. ఏ కాగితం దేనికి పనికొస్తుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

రాసింది నార్బర్ట్ క్రూగ్. మెషిన్ గది ఫోర్‌మన్, లీగు అధ్యక్షుడు, తన నోట ఏది వస్తే అదే శాసనం అనుకునే ఆసామి. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో సమ్మె ముగిశాక మిల్లులో మనిషికీ మనిషికీ మాటల్లేవు. అప్పుడు తానొక్కడే పూనుకుని, హుబర్ట్ బార్లో, కర్రతో బంతుల్ని పాకెట్లలోకి కొట్టే పూల్ బల్ల దగ్గర అందర్నీ కలిపి ఈ లీగు పెట్టానని రాసుకున్నాడు. పక్కనే ఆ రోజుల ఫొటో. అందులో ఉండాల్సింది ఇద్దరు. రెండోవాణ్ణి కత్తిరించేశారు. నార్బర్ట్ భుజం పక్కన ఒక మోచెయ్యి మాత్రం మిగిలింది. ఆ మోచెయ్యి మార్లిస్ చనిపోయిన మొగుడు ఎల్‌రాయ్‌ది.

అసలు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. సమ్మెలో పనిలోకి వెళ్లినవాళ్లు బార్లో ఆ చివర, వెళ్లనివాళ్లు ఈ చివర కూర్చుని గుర్రుగా చూసుకునేవాళ్లు. ఒక శుక్రవారం ఎల్‌రాయ్ లేచి, పావలా నాణెం తీసి బల్ల అంచున పెట్టాడు. పావలా పెట్టడమంటే తర్వాతి ఆట నాది, దమ్మున్నవాడు రావచ్చు అని. అవతలి చివర నుంచి నార్బర్ట్ లేచాడు. వాళ్లిద్దరూ ఆడుతుంటే చుట్టూ జనం మూగారు. మర్నాటికి ఎవరు గెలిచారన్నదాని మీద రెండు పక్షాలూ వాదించుకోవడం మొదలెట్టాయి. వాదించుకోవాలంటే మాట్లాడుకోవాలి కదా. అదీ లీగు పుట్టుక. కర్త ఇద్దరు. ఇప్పుడు చరిత్రకు మిగిలింది ఒకడు.

చచ్చినవాడి మీద ఇంత కక్ష ఎందుకయ్యా అంటే, దానికి ముందు కథ చెప్పాలి.

ఈ లీగులో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది, రెండు నుంచి ఏడు దాకా. ఏడంటే మొనగాడు. రెండంటే కర్ర ఏ కొసన పట్టుకోవాలో ఈమధ్యే తెలిసినవాడు. ఎవరి అంకె ఎంతో అన్ని ఆటలు ముందుగా గెలిస్తేనే పోటీ వాళ్లది. అందుకే బాయిలర్ దగ్గరి కుర్రాడు కూడా మొనగాడి ముందు ధైర్యంగా నిలబడగలడు. చిక్కేమిటంటే, దొంగబుద్ధి ఉన్నవాడు సీజనంతా కావాలని ఓడిపోయి, అంకె తగ్గించుకుని, చివర్లో కప్పు ఎగరేసుకుపోవచ్చు. దాన్ని వీళ్లు దొంగ ఓటమి అంటారు. వీళ్ల లెక్కలో దొంగతనం కన్నా అది పెద్ద తప్పు. చేసినవాడు జన్మలో మళ్లీ లీగులోకి రాకూడదు. వాడి జట్టు ఆ ఏడాది గెలిచినవన్నీ కొట్టేస్తారు. తెలిసీ నోరు మూసుకున్నవాడు కూడా బయటికే. ఈ నిబంధన రాసింది కూడా నార్బర్టే.

పదేళ్ల కిందట ఒక చలికాలంలో, ఏడో అంకె మొనగాడు ఎల్‌రాయ్ ఓడిపోవడం మొదలెట్టాడు. తేలిక బంతులు తప్పేవి. ఎందుకు తప్పుతున్నాయో అతనికే తెలియక కర్ర మార్చాడు, కళ్లజోడు మార్చాడు, బ్రాందీ మానేశాడు. అంకె నాలుగుకి దిగింది. అలాంటి మనిషికి చివరి పోటీ నాడు చెయ్యి ఎందుకో మాట విన్నది. నార్బర్ట్‌ని చిత్తుగా ఓడించాడు.

నార్బర్ట్ అక్కడికక్కడే లేచి, "ఇది దొంగ ఓటమి" అన్నాడు. "ఆడలేక ఓడేవాణ్ణీ, ఓడాలని ఓడేవాణ్ణీ గది అవతల కూర్చుని చెప్పేస్తాను నేను. ఈ కన్నుని మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు."

ఎల్‌రాయ్‌కి మాట తడబడింది. చెయ్యి నా మాట వినడం లేదురా అన్నాడు. జనం నవ్వారు. మార్లిస్ బార్ మధ్యలో నిలబడి అడిగింది, "మీలో ఒక్కరు చెప్పండి. ఎల్‌రాయ్ అలాంటివాడా?" గది నిండా మనుషులు. అందరూ తమ తమ బీరు గ్లాసుల్లోకి చూసుకున్నారు. నార్బర్ట్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, గోడ మీది విజేతల పలకలో ఎల్‌రాయ్ పేరున్న ఇత్తడి రేకులన్నీ ఒక్కొక్కటే ఊడదీశాడు.

మరుసటేడు డాక్టరు అది నరాల జబ్బని, వణుకు ఇక పోదని చెప్పాడు. ఆ కబురు మిల్లులో తెలిస్తే నార్బర్ట్ ఏమన్నాడో తెలుసా? "అలాంటి జబ్బులు సమయానికి భలే వస్తాయి" అన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు లోకులు. ఈ పెద్దమనిషి అయితే ముంత వాసన కూడా చూడకుండా తీర్పు చెప్పాడు.

ఎల్‌రాయ్ మళ్లీ హుబర్ట్ బార్ గుమ్మం తొక్కలేదు. ఇంటి నేలమాళిగలో ఒక పాత బల్ల ఉండేది. చెయ్యి పూర్తిగా పడిపోయాక, కుర్చీలో కూర్చుని పెళ్లానికి చెప్పేవాడు. "కాస్త కిందికి. ఎడమకి. ఉహుఁ, కొట్టకు, తోసెయ్." మొదట అతని సరదా కోసమే కర్ర పట్టింది. పోను పోను ఆమె చేతుల్తోనే అతను ఆడుతున్నట్టయింది. అలా ఏళ్ల తరబడి ఆడారు. ఈ సంగతి ఊళ్లో పిట్టకి కూడా తెలియదు. రెండేళ్ల కిందట ఎల్‌రాయ్ పోయాడు. అంత్యక్రియలకి నార్బర్ట్ రాలేదు, పువ్వులు పంపాడు. మార్లిస్ ఆ పువ్వుల్ని గ్యారేజీ వెనక చెత్త డబ్బాలో వేసింది.

ఇదీ మోచెయ్యి చరిత్ర. బూట్లు ఆరేలోపు మార్లిస్ ఒక నిర్ణయానికి వచ్చింది. మర్నాడు కటింగ్ గదిలో తన పక్కన నిలబడి రీములు చుట్టే బెర్నీని అడిగింది, "ఏమే, మీ జట్టులో ఒక మనిషి తక్కువన్నావు. నన్ను చేర్చుకుంటావా?"

బెర్నీ అసలు పేరు బెర్నడీన్ వాన్ హాండెల్, కటింగ్ జట్టు కెప్టెన్. గొంతు పెద్దది, గుండె అంతకన్నా పెద్దది. ఆడవాళ్లని లీగులోకి రానిచ్చిన మొదటి ఏడాదే చేరింది. "నువ్వా? నీకు కర్ర పట్టుకోవడం వచ్చా?" అంది.

"రాదు. నేర్పు. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని గోడలతో ఎన్నాళ్లని మాట్లాడను?"

బెర్నీ కళ్లు చెమర్చాయి. ఆ గురువారం నుంచే నేర్పడం మొదలెట్టింది. వేళ్లు ఇలా పెట్టు, నడుం ఇలా వంచు, ఊపిరి బిగబట్టకు. అన్నీ శ్రద్ధగా విని, అన్నీ కాస్త కాస్త తప్పుగా చేసేది మార్లిస్. జట్టులో మూడోవాడు వెండెల్, సరుకు బండి నడిపేవాడు, "ఓపిక పట్టు బెర్నీ, వచ్చే జన్మకి వచ్చేస్తుంది" అనేవాడు.

గెలవడం ఎవడైనా చేస్తాడు. నమ్మేట్టు ఓడిపోవడం ఉందే, అది కష్టం. బంతి మరీ దూరంగా పోతే అనుమానం వస్తుంది. పాకెట్ పెదవి దాకా వెళ్లి ఆగాలి, అయ్యో అనిపించాలి. అప్పుడప్పుడూ ఒకటి పడాలి కూడా, పడ్డందుకు తనే ఆశ్చర్యపోవాలి. రెండో అంకె ఇచ్చారు. సీజనంతా ఆ అంకె కదలకుండా చూసుకుంది. జట్టుని బెర్నీ, వెండెల్ మోశారు. మార్లిస్ ఓడింది. తాగి తూలేవాడి చేతిలో ఓడింది. పల్ప్ గదిలో ఒంటికన్ను ముసలాయన చేతిలో ఓడింది. ఓడి, నవ్వి, కుర్చీలో కూర్చుని, పెదవి లోపలివైపు రక్తం వచ్చేట్టు కొరుక్కునేది.

నార్బర్ట్ ప్రతి గురువారం బార్ చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని ఆటలన్నీ చూసేవాడు. అది అతని సింహాసనం. ఒకరోజు మార్లిస్ పాకెట్ మూతి దగ్గరున్న బంతిని కూడా తప్పగొడితే, అందరికీ వినబడేట్టు అన్నాడు, "చూశారా, ఎల్‌రాయ్ పెళ్లాం ఎల్‌రాయ్ కన్నా నిజాయితీగా ఓడుతోంది."

బార్ అంతా ఘొల్లుమంది. వెండెల్ కూడా నవ్వాడు, తర్వాత సిగ్గుపడి తలొంచుకున్నాడు. మార్లిస్‌కి కర్ర తిరగేసి ఆ నెత్తి మీద ఒక్కటివ్వాలనిపించింది. ఇవ్వలేదు. "ఏం చెయ్యను నార్బర్ట్, నీ అంత కన్ను నాకెక్కడిది" అంది.

"కన్ను అందరికీ ఉండదమ్మా" అన్నాడతను, ఆ మాట నిజంగానే మెచ్చుకోలనుకుని.

ఆ రాత్రి నేలమాళిగలోకి దిగి బల్ల మీది బంతులన్నీ వరసగా పడేసింది. ఒక్కటి కూడా తప్పలేదు.

చివరి పోటీ ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి నేరుగా అందరూ హుబర్ట్ బార్‌కే వచ్చారు. పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద గాబులాంటి గిన్నెలో బూయా ఉడుకుతోంది. కోడి, ఎద్దుమాంసం, క్యాబేజీ, బఠాణీ అన్నీ కలిసి తెల్లారుజాము నుంచి ఉడికితేగానీ దానికి ఆ రుచి రాదు. లీగు పాతికేళ్ల పండగ కాబట్టి గోడకి కొత్తగా ఒక చట్రం తగిలించారు. అందులో నార్బర్ట్ రాసిన చరిత్ర, ఆ ఫొటో, ఆ మోచెయ్యి.

ఒక పక్క మెషిన్ గది జట్టు, ఇంకో పక్క కటింగ్ జట్టు. జట్టుకి ముగ్గురు. నార్బర్ట్ ఎప్పుడూ చివర్న దిగుతాడు. అతనికి ఎదురుగా ఎవర్ని పెట్టినా ఓటమేనని, బెర్నీ మార్లిస్‌ని అక్కడ పడేసింది. తను, వెండెల్ మిగతా రెండూ కొట్టేస్తే చాలనుకుంది. బెర్నీ గెలిచింది, వెండెల్ ఓడాడు. లెక్క చెరిసగం అయింది. బెర్నీ మొహం వాడిపోయింది.

"పోనీలే. వెళ్లి సరదాగా ఆడు. ఎవరూ నిన్నేమీ అనరు" అని వెన్ను తట్టింది.

నార్బర్ట్ ఏడు ఆటలు గెలవాలి. మార్లిస్ రెండు గెలిస్తే చాలు. అతను రెండు గెలిచాడు, ఆమె ఒకటి గెలిచింది. ఆఖరున పడి ఆట ముగించే నల్లబంతి బల్ల గోడకి తగిలి, అటూ ఇటూ తిరిగి పాకెట్లో పడితే వచ్చిన గెలుపది. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది, అందరూ నవ్వారు. అతను మళ్లీ వరసగా గెలుస్తూ ఆరుకి వచ్చాడు. అతని ఏడో గెలుపుకి ఇక నల్లబంతి ఒక్కటే మిగిలింది. కొట్టాడు. పాకెట్ మూతి దగ్గర తట్టుకుని ఆగింది.

మార్లిస్‌కి మిగిలినవి ఒక చారల బంతి, తర్వాత నల్లబంతి. చారల బంతి మెల్లిగా పడేసింది. తెల్లబంతి కాస్త వంకరగా వెళ్లి ఆగింది. అది అలా ఆగాలనే కొట్టింది కాబట్టి ఆగింది, కానీ చూసినవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. "ఆ మూల అనుకుంటా" అని వేలు చూపించి, కళ్లు సగం మూసుకుని కొట్టింది. తెల్లబంతి రెండు గోడలు తిరిగి వచ్చి నల్లదాన్ని లోపలికి నెట్టింది.

బార్ కప్పు ఎగిరిపోయేంత గోల. బెర్నీ ఏడుస్తూ వచ్చి కావలించుకుంది. నార్బర్ట్ మొహం ఎర్రబడ్డా, పెద్దరికంగా చెయ్యి చాపాడు. "గుడ్డి గువ్వకి కూడా గింజ దొరుకుతుందమ్మా ఒక్కోసారి" అన్నాడు.

మార్లిస్ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"గువ్వ గుడ్డిది కాదు నార్బర్ట్. సీజనంతా కావాలనే ఓడాను. నాది దొంగ ఓటమి" అంది.

జనం నవ్వారు. హుబర్ట్ కౌంటర్ వెనక నుంచి "ఒక్క గెలుపుకే మనిషికి మతి పోయింది" అన్నాడు. నార్బర్ట్ అందరికన్నా గట్టిగా నవ్వి, "నువ్వా? సీజనంతా నా కళ్లముందే ఆడావు. నువ్వు ఆడలేక ఓడినదానివి. ఆ తేడా నాకు తెలీదా?" అన్నాడు.

"ఆ మాటే కావాలి నాకు. బంతులు పేర్చు."

అతను పేర్చలేదు. వెండెల్ పేర్చాడు, వేడుక చూద్దామన్నట్టు. మార్లిస్ గోడకున్న కర్రల్లో, సీజనంతా తను ఆడిన వంకర కర్రే తీసుకుంది. మొదటి దెబ్బకి బంతులు చెల్లాచెదురై రెండు పడ్డాయి. తర్వాత ఒక్కొక్క దానికీ ముందే పాకెట్ చెబుతూ, గొంతు పెంచకుండా, తొందరపడకుండా బల్ల ఊడ్చేసింది. మూడో బంతికి నవ్వులు ఆగాయి. నల్లబంతి పడేసరికి పెరట్లో బూయా కలిపేవాడు కూడా గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. నాది దొంగ ఓటమా, కాదా?" అని అడిగింది.

నార్బర్ట్ గడ్డం గోక్కున్నాడు. ఎటు చెప్పినా చిక్కే. "నాకు క్రిస్మస్ నాడే అనుమానం వచ్చింది. పోనీ ఆడమనిషి కదా అని..." అన్నాడు.

"తెలిసీ నోరు మూసుకున్నావా? అయితే నువ్వూ బయటికే. నిబంధన నువ్వే రాశావు. చదివి వినిపించనా?"

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. నార్బర్ట్ కర్ర అందుకుని, మళ్లీ పెట్టేసి, చివరికి గొణిగాడు. "తెలీలేదు."

"వెనకాల ఉన్నవాళ్లకి వినబడలేదు."

"నాకు తెలీలేదు. చాలా?"

"చాలదు. సీజనంతా ఆ స్టూలు మీద కూర్చుని నన్ను చూశావు. ఎదురుగా జరుగుతున్న దొంగతనం నీకు కనబడలేదు. మరి ఆ రోజు ఎల్‌రాయ్‌లో నీకేం కనబడింది?"

నార్బర్ట్ కళ్లు ఎవరైనా సాయం వస్తారేమోనని గదంతా వెతికాయి. అందరూ తమ గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. ఈ ఊరి అలవాటే అది, ఎవరికి అవసరమైనా అంతే.

"నన్ను గెలవడం కనబడింది. అంతే" అన్నాడు.

మార్లిస్ కౌంటర్ వైపు తిరిగింది. "ఇత్తడి రేకులు ఎక్కడున్నాయి?"

హుబర్ట్ తల ఎత్తకుండా గల్లాపెట్టె అడుగు సొరుగు లాగి ఒక గుడ్డమూట తీశాడు. ఇన్నేళ్లూ అక్కడే ఉన్నాయన్నమాట. పారెయ్యడానికీ మనసొప్పలేదు, బయట పెట్టడానికీ దమ్ము చాల్లేదు. మార్లిస్ మూట తీసుకుని నార్బర్ట్ ముందు పెట్టింది. "ఊడదీసిన చేత్తోనే బిగించు."

అరవై దాటిన మనిషి కుర్చీ ఎక్కి, ఒక్కొక్క రేకూ ఉన్నచోట మళ్లీ బిగించాడు. ఎల్‌రాయ్ టెష్. ఎల్‌రాయ్ టెష్. ఎల్‌రాయ్ టెష్. గది మొత్తం చూస్తూ కూర్చుంది. అయ్యాక దిగి, చరిత్ర కట్టిన చట్రం కూడా తనంతట తనే తీసి గోడవైపు తిప్పి పెట్టాడు. వెళ్లిపోబోతుంటే మార్లిస్ ఆపింది.

"కప్పు మర్చిపోతున్నావు. నేను దొంగని, మా జట్టు గెలిచినవన్నీ కొట్టేయాలి. పాతికేళ్ల కప్పు మీది. తీసుకో."

"నాకొద్దు."

"నిబంధన. దాని మీద నీ పేరు చెక్కించు. ఎలా వచ్చిందో చూసినప్పుడల్లా గుర్తుంటుంది."

ఆ కప్పు చంకలో పెట్టుకుని నార్బర్ట్ బార్లోంచి నడిచి వెళ్లాడు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. అతని భార్య చేతిసంచి తీసుకుని వెనకే వెళ్లింది, ఎవరి మొహమూ చూడకుండా.

మార్లిస్ పెరట్లోకి వచ్చింది. ఒక గిన్నెలో బూయా పోయించుకుని చెక్కబల్ల దగ్గర కూర్చుంది. కాసేపటికి బెర్నీ తన గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్లూ నీ వేళ్లు పట్టుకుని నేర్పాను. నా అంత వెర్రిది ఉండదు" అంది. "నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయిందే?"

"చెప్తే నువ్వూ బయటికి పోయేదానివి."

"పోయేదాన్ని. నవ్వుతూ పోయేదాన్ని. ఎల్‌రాయ్ కోసం ఆ మాత్రం చెయ్యనా? వెండెల్ అక్కడ మొహం కడుక్కుంటున్నాడు, మొదటిసారి కప్పు చేతికొచ్చింది పాపం. నార్బర్ట్ మీద కసి తీర్చుకో, కాదనను. మమ్మల్నెందుకు అందులోకి లాగావు?"

మార్లిస్ చెంచా కింద పెట్టింది.

"పదేళ్ల కిందట ఆ గది మధ్యలో నిలబడి నేను కూడా ఒక్క మాటే అడిగాను బెర్నీ. ఒక్కరు చెప్పండి అన్నాను. ఆ రోజు నువ్వెక్కడ కూర్చున్నావు?"

బెర్నీ పెరటి కంచె అవతల మిల్లు పొగగొట్టం వైపు చూసింది.

"కిటికీ దగ్గర" అంది చివరికి.

"తెలుసు" అంది మార్లిస్.

బెర్నీ గిన్నె తీసుకుని అవతలి బల్ల దగ్గరికి వెళ్లి, ఇటు వీపు పెట్టి కూర్చుంది. మార్లిస్ పిలవలేదు. బూయా వేడిగా ఉంది. ఒక్కతే కూర్చుని అడుగుదాకా తిన్నది.